పగిలిన యోడలు - మోటుపల్లి శాసనము



నేలకొండపల్లివాడు సముద్రమునుగూర్చి మాటాడుట యేమని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. మాకు తెలిసిన నీరు పాలేరు, మున్నేరు. తూర్పుగా అడవి దాటి పోయినచో భద్రాచలముకడ గోదావరి. మా యూర పెద్దలు చెప్పుకొను కథలు విరాటరాజువి, కీచకునివి, కంచర్ల గోపన్నగారివి. ఓడ యనునది మాలో పలువురు పటమున చూచినదే కాని కంట చూచినది కాదు.

అయినను మాకును సముద్రమునకును బొత్తిగా చుట్టరికము లేదనుటకు వీలులేదు. మా యూరిచెంత నొక పెద్ద బౌద్ధస్తూపము కలదు. అట్టి స్తూపములు మన దేశమున వెలసిన కాలముననే కృష్ణా గోదావరుల ముఖద్వారములనుండి వర్తకులు తూర్పు దీవులకు పోయి వచ్చుచుండిరి. శాతవాహన ప్రభువైన యజ్ఞశ్రీ శాతకర్ణి తన సీసపు నాణెములమీద రెండు తెరచాపకొయ్యల యోడను ముద్రింపించెను. రాజు నాణెముమీద నేది వేయించునో దానివలన నాతని బొక్కసము నిండుచున్నదని తెలిసికొనవచ్చును. యవన భూగోళకారుడైన టాలెమీ మన ఘంటసాలను పేర్కొనుటయేగాక, తూర్పున సువర్ణభూమికి పోవు నావలు తీరమును విడిచి నడిసముద్రమున ప్రవేశించు చోటు ఈ తీరముననే కలదని వ్రాసెను.

ఒక సంగతి. గోదావరికి గట్టి వఱద వచ్చినప్పుడు దుంగలు కొట్టుకొనివచ్చును. పట్టుకొన్నవానిదే దుంగ యని యేటి యొడ్డున నొక వాడుక కలదు. మీరు ఊరిపెద్దలు గనుక ఇట్టి తగవులను తీర్చియే యుందురు. సముద్రపు టొడ్డున నీ దుంగ తగవే యోడ తగవు. కావున నేటి విషయము మీకు క్రొత్తది కాదు. నీరు మాత్రమే ఉప్పనిది.

మన తూర్పు తీరమున సహజముగా నేర్పడిన రేవులు మిక్కిలి తక్కువ. తీరము పల్లము, ఇసుకనేల. పెద్దయోడ యొడ్డునకు రాజాలదు. దూరముననే లంగరు వేసి నిలువవలయును. సరకును చిన్న పడవలలోనికి దింపి, విరుగుచున్న అలలలోనుండి యొడ్డునకు చేర్పవలయును. ఇందులకే మసూలా పడవలని యుండెడివి. వానిలో నొక్క ఇనుపమేకైనను లేదు. పలకలను కొబ్బరిపీచు త్రాటితో కుట్టి చేసినవి. మేకు కొట్టిన పడవ అల తాకిడికి విచ్చిపోవును. కుట్టిన పడవ వంగి మరల లేచును. చదువురాని బెస్తవాడు కనిపెట్టిన యీ యుపాయమును చూచి సీమనుండి వచ్చిన కపితానులు వెరగుపడిరి.

దీనికి తోడు గాలివానలు. చిత్త, స్వాతి, విశాఖ, అనూరాధ కార్తెలు మనకు వరి పొట్టదశనుండి కోతకు వచ్చు కాలము. ఓడవానికి ప్రాణభయపు కాలము. బంగాళాఖాతమున పుట్టిన సుడి అప్రదక్షిణముగా తిరుగుచు పడమటికి నడచి మన తీరమును తాకును. గాలి నీటిని నెట్టును. తీరమువద్ద లోతు తక్కువగుటచే ఆ నీరు క్రిందికి పోవ దారిలేక పైకి లేచి భూమిమీదికి నడచివచ్చును. అదియే ఉప్పెన. లంగరు వేసియున్న యోడకు రేవే మృత్యుస్థానము. అందుచేత నేర్పరియైన నావికుడు గాలివాన సూచన కానవచ్చినతోడనే త్రాడు నరికియైనను నడిసముద్రమునకు పారిపోవును. మనము వాన వచ్చినపుడు ఇంటికి పరుగెత్తుదుము. వాడు ఇంటినుండి పరుగెత్తును.

ఇక కోరంగిని చూతము. కాకినాడకు దక్షిణముగా గోదావరీశాఖ యొడ్డున నున్నది. నేడచ్చట మడయడవులు, పక్షులు, వానిని చూడవచ్చు జనులు. ఒకప్పు డచ్చట ఓడలు కట్టెడివారు, బాగుచేసెడివారు. బర్మా దేశమున తెలుగువారి నందరిని కొరంగీలని పిలిచెడివారు. ఆ రేవు పేరే వారికి కులనామమువలె నంటుకొన్నది. 1789వ సంవత్సరము డిసెంబరు నెలలో నీ కోరంగిమీదికి మూడు మహాతరంగములు వచ్చినవి. సముద్రపు పోటు మిక్కుటముగా నున్న సమయము. గాలి భయంకరముగా వీచుచున్నది. మొదటి తరంగము ఊరిలోనికి కొన్ని యడుగుల నీటిని తెచ్చెను. రెండవది పల్లపు పొలముల నెల్ల ముంచెను. మూడవది వచ్చిన పిదప ముంచుటకు మిగిలినదేమియు లేదు. నదీముఖమున లంగరు వేసియున్న యోడలు యానాము చుట్టునున్న పొలములలోనికి పోయి పడినవి. తరువాతి కాలమున నా తీరమునకు వచ్చిన ఫ్రెంచి నావికు డొకడు విని వ్రాసినదానినిబట్టి మనకీ వృత్తాంతము దక్కినది. ఇరువదివేలమంది మడిసిరని యాతడు వ్రాసెను.

ఆ దుర్ఘటనకు తరువాతకూడ కోరంగివారు నిలద్రొక్కుకొనిరి. 1802లో ఇంగ్లీషు రాజనౌకలను మరమ్మతు చేయుటకై యచ్చట నొక డాకు కట్టబడెను. మరల 1839 నవంబరు 25వ తేదీన మరియొక యుప్పెన వచ్చెను. నలువది యడుగుల యెత్తున నీరు లేచినదనియు, ఇరువదివేల నావలు నాశమైనవనియు, మూడులక్షలమంది చనిపోయిరనియు పెక్కు పుస్తకములలో నొకదానినుండి యొకటి యెత్తి వ్రాయబడుచున్నది. ఈ మూడులక్షల లెక్క నాకు నమ్మశక్యము కాదు. ఆ కాలమున నా చిన్న రేవు చుట్టుపట్ల అంత జనము నివసించిరనుట యెట్లు? చావునుగూర్చి చెప్పునపుడు మనుజులు సున్నలు చేర్చుటకు సందేహింపరు. అయినను లెక్క తగ్గించినంతమాత్రమున దుఃఖము తగ్గదు. పిమ్మట గోదావరి తెచ్చిన యిసుక కోరంగి దారిని మూసివేసెను. వర్తకము కాకినాడకు పోయెను.

కోరంగి ప్రజల కడగండ్లవలన లోకమున కొక మాట దక్కినది. కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ అను దొర ఓడల దినచర్య పుస్తకములను సేకరించి, గాలి యే వేళ నే దిక్కునుండి వీచెనో పటములమీద గుర్తించుచు గాలివానల నడకను పరిశోధించెను. చుట్ట చుట్టుకొన్న పామును సూచించు గ్రీకు పదమునుండి సైక్లోను అను పేరును కల్పించి, 1848లో అచ్చైన తన నావికుల గ్రంథమున దానిని స్థిరపరచెను. ఆతడు పరిశీలించిన యుత్పాతములలో మన కోరంగిది యొకటి. నేడు లోకమంతటను పలుకు ఆ మాటకు కొంత మన యుప్పునీరు తగిలియున్నది.

విశాఖపట్టణము సంగతి వేరు. అచ్చట నోడను పగులగొట్టినది గాలి మాత్రమే కాదు, శత్రువుల ఫిరంగులును. 1804 సెప్టెంబరు 15వ తేదీన ఫ్రెంచి సేనాని లినోయి మూడు యుద్ధనౌకలతో వచ్చి, అచ్చట నిలిచియున్న సెంచూరియన్ అను ఇంగ్లీషు యుద్ధనౌకమీద పడెను. దాని యధిపతి యప్పుడు ఒడ్డున నుండెను. పోరునడుమ బార్నబీ అను వర్తకపు టోడ త్రాడు తెంచుకొని అలలలోనికి కొట్టుకొనిపోయి యొడ్డున పడి ముక్కలయ్యెను. ప్రిన్సెస్ షార్లెట్ అను మరియొక వర్తకనౌకను ఫ్రెంచివారు పట్టుకొనిపోయిరి. యుద్ధమున రెండు యేనుగులు పోరాడగా నడుమ నున్న లేగదూడ గతి యెట్టిదో బార్నబీ గతి యట్టిది.

ఆ విశాఖపట్టణముననే మరియొక చిత్రము. క్రొత్త రేవు కట్టునపుడు ప్రవేశద్వారమువద్ద అలలు లోనికి రాకుండ జేనస్, వెల్లెడ్సన్ అను రెండు పాత యోడలను బుద్ధిపూర్వకముగా ముంచి, వానినే కట్టగా నిలిపిరి. 1933లో రేవు తెరువబడెను. తాము మునిగి తరువాతి యోడలను కాపాడిన యా రెండింటిని నేను ముసలి బడిపంతుళ్ళతో పోల్చుకొని సంతోషించుచుందును. ఇది నా వెఱ్ఱి, మన్నింపుడు.

మన తీరమున పగిలిన యోడలలో దూరదేశపుది సాక్రమెంటో. ఇది అమెరికావారి యుద్ధనౌక. ఆవిరితోను తెరచాపలతోను నడచునది. వారి దేశమున నన్నదమ్ముల యుద్ధము జరిగిన కాలమున కట్టబడి, శత్రునౌకలను వెదకుచు ఐరోపా తీరములవెంట తిరిగినది. నెపోలియన్ కాలిన్సు దాని యధిపతి. ఈయన 1864లో బ్రెజిలు దేశపు రేవున శత్రువుల నౌకను పట్టి, పరదేశపు రేవున యుద్ధము చేసినందులకు విచారణకు గురియైనవాడు. అంతటి సాహసికుని యోడ 1867 జూను 19వ తేదీన మన గోదావరి యిసుకమెట్టలమీద నెక్కి మరల దిగలేదు. ప్రాణనష్టము మాత్రము లేదు. అందరు నొడ్డు చేరిరి. ఓడ పోగొట్టినందులకు కాలిన్సును కొంతకాలము కొలువునుండి నిలిపివేసిరి. కారణము వింతైనది కాదు. మన తీరము పల్లమగుటచేత దూరమునుండి కానరాదు. గోదావరి ప్రతి వఱదకు నిసుకను తెచ్చి సముద్రమున క్రొత్త మెట్టలు వేయుచుండును. నిరుటి పటము నేటికి చెల్లదు. ఆ మెట్టకు నావికుల పటములలో సాక్రమెంటో యనియే పేరు పడెను. ఆ ప్రాంతమున కట్టిన దీపస్తంభమునకును అదే పేరు. కోనసీమ పల్లెకారు లా పరదేశపు పేరును తమ యూరి పేరువలె పలుకుదురు.

బందరును మరువరాదు. గోలకొండ ప్రభువులకు సముద్రద్వార మదియే. మా గోపన్నగారిని చెరబెట్టిన తానీషాకును అదియే. 1611లో ఇంగ్లీషువారు వచ్చి యచ్చట వర్తకశాల పెట్టిరి. బందరు అద్దకపు బట్టలు పారసీకమువరకు పోయినవి. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన వచ్చి యించుమించు ముప్పదివేల ప్రాణములను గొనిపోయెను. దానికి ముందు నెలలోనే కలకత్తాలోను నట్టిదే జరిగెను. ఈ రెండింటి తరువాతనే దొరతనమువారు కన్నులు తెరచి రేవులలో గాలివాన హెచ్చరికలకు ప్రయత్నము చేసిరి. 1875లో వాతావరణ శాఖ యేర్పడెను. మీరు రేడియోలో మూడవ నెంబరు, పదవ నెంబరు ప్రమాదసూచిక యని వినుచుందురు గదా! ఆ సూచికలు పదునొకండు. పదవది మహాప్రమాదము. పదునొకండవదాని యర్థము నన్ను ఎప్పుడును కలవరపెట్టును: హెచ్చరిక చెప్పు కార్యాలయముతో మాటయే తెగిపోయినదని. 1977 నవంబరు 19న దివిసీమలో పదివేలమంది పోయిరి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ అను తుపాను విశాఖపట్టణమును చెండాడినను ముందుగా జనులను తరలించుటచే ప్రాణనష్టము ఆ లెక్కలో నూరవ వంతైనను లేదు. 2020 అక్టోబరులో మా యను బంగ్లాదేశపు ఓడ లంగరు తెగి యా పట్టణపు తీరమున రాళ్ళమీద కెక్కినది. నావికులు క్షేమము, జనులు తిరునాళ్ళకు పోయినట్లు చూడబోయిరి.

ఓడ పగిలినది. మనుజులు కొందరు మునిగిరి, కొందరు తేలిరి. సరకు ఒడ్డున పడినది. అది యెవరిది?

పూర్వకాలమున దీనికి సమాధానము స్పష్టము: ఆ తీరమునేలు రాజుది. మన దేశముననే కాదు, పడమటి దేశములలోను నంతియే. గాలికి పగిలి ఒడ్డున పడిన యోడలోని బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు ఏవియున్నను రాజభటులు వచ్చి యెత్తుకొనిపోయెడివారు. తడిబట్టలతో నిలిచిన వర్తకుడు చూచుచు నిలువవలసినదే. సముద్రము సగము తినును, రాజు తక్కిన సగము తినును.

చీరాలకు దక్షిణముగా మోటుపల్లి యను చిన్న యూరు కలదు. నేను పనినుండి విరమించిన పిదప నచ్చటికి పోయితిని. వీరభద్రస్వామి యాలయమున నొక శాసనస్తంభము కలదు. కాకతి గణపతిదేవ మహారాజు వేయించినది. శకవర్షము 1166, క్రోధి సంవత్సరము. అనగా 1244వ సంవత్సరము. మన ఓరుగంటి రాజు సముద్రతీరమున వేయించిన యభయశాసనము. అందలి భావమును నా మాటలలో చెప్పెదను. పూర్వపు రాజులు గాలివాతబడి పగిలి తీరమున పడిన యోడల సరకునంతయు బలాత్కారముగా హరించెడివారు. మేము కరుణచేతను, కీర్తికొరకును, ధర్మముకొరకును, నిర్ణీతమైన సుంకముమాత్రము గైకొని తక్కినదంతయు వారికే విడుచుచున్నాము. ఏలయన, ధనము ప్రాణముకంటె నెక్కువయని తలంచి వారు సముద్రయానమను మహాసాహసమునకు పూనుకొన్నవారు.

ఎగుమతి దిగుమతులపై సుంకము ముప్పదింట నొక పాలు. చందనము, కర్పూరము, చీనా కర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, రాగి మున్నగువానికి వేర్వేరుగా రేట్లు చెక్కించినారు. రాజు దయను మాటతో విడువలేదు. లెక్క కట్టి రాతిమీద పెట్టినాడు. సుంకపు కొలువువాడు రేపు మాట మార్చుటకు వీలులేదు. ఇందు రాజునకు లాభము లేదా యందురా? ఉన్నది. భయము లేని రేవునకు ఓడలు వచ్చును. గణపతిదేవునికి ధర్మమును తెలియును, లెక్కయు తెలియును. ఆతని కుమార్తె రుద్రమదేవి కీర్తి విన్న మార్కోపోలో అను వెనీసు వర్తకుడు ఈ రేవునుగూర్చియు, ఇచ్చటి వజ్రములు, సన్నని బట్టలనుగూర్చియు వ్రాసెను. తరువాత కొండవీటి యనపోతారెడ్డి 1358లో అచ్చటనే వర్తకుల కభయమిచ్చుచు శాసనము వేయించెను.

గణపతిదేవుని శాసనమునకు ముప్పదియొక్క యేండ్ల తరువాత, 1275లో, ఇంగ్లండు రాజు నీ విషయమున నొక చట్టము చేసెను. పగిలిన యోడనుండి మనుజుడు గాని, కుక్క గాని, పిల్లి గాని ప్రాణముతో వెలువడినచో దానిని దిక్కులేని సొమ్ముగా నెంచరాదు. ఏడాదిమీద నొక దినము సరకును భద్రపరచి, యజమాని వచ్చి నిరూపించినచో నిచ్చివేయవలయును. పిల్లి బ్రదికినచో సెట్టి బ్రదికినట్లే. నవ్వు వచ్చును గాని, ఏడాది గడువు పెట్టుట మంచి యాలోచన. 1958లో మన దేశమున చేసిన నౌకాచట్టమును యజమాని వచ్చి యడుగుటకు ఏడాది గడువునే యిచ్చెను.

మోటుపల్లిలో నా స్తంభము ముందర నిలిచి చదువుచుండగా నాకు శరీరము చల్లబడినది. ఎందులకో చెప్పి ముగించెదను.

1986 ఆగస్టులో గోదావరి భద్రాచలముకడ డెబ్బదియైదడుగులు దాటి ప్రవహించినది మీకు జ్ఞాపకముండును. నేనప్పుడు ఏటి యొడ్డు పల్లెలో క్రొత్తగా చేరిన తెలుగు పండితుడను. నీరు తీసిన పిదప ఊరివారు పట్టిన దుంగలు, తలుపులు, గంగాళములు రాసులుగా పడియున్నవి. నేను నేలకొండపల్లిలో నిల్లు కట్టుకొను ప్రయత్నమున నుంటిని. ఒకడు వఱదలో పట్టిన టేకు ద్వారబంధమును నాకు చవుకగా నమ్మెను. పైకమ్మిమీద నడుమ పద్మము, ఇరుప్రక్కల రెండు చిలుకలు చెక్కియున్నవి. నా యదృష్టమునకు నేనే మురిసితిని.

రెండు మూడు నెలలు గడచినవి. ఒక ముసలివాడు ఎగువనుండి ఊరూర నడుగుచు వచ్చి నా బస యరుగుమీద కూర్చుండెను. ద్వారబంధ మింకను నా పెరటిలోనే గడ్డిక్రింద నున్నది, వాడు చూడలేదు. "పంతులుగారూ, దర్వాజా ఒకటి మీకాడ ఉన్నదన్నరు. చిలుకలది. ఎడమదిక్కు చిలుకకు ముక్కుండదు. నా చిన్నప్పుడు నేనే విరగ్గొట్టిన" అనెను. చూడకయే చెప్పినాడు. నేను, "నేను పైసలిచ్చి కొన్నాను, తాతా. అమ్మినవాణ్ణి అడుగు" అంటిని. అమ్మినవాడు ఆ పైకమును త్రాగివేసి యుండునని నాకు తెలియును. ముసలివాడు తగవులాడలేదు. మంచినీళ్ళడిగి త్రాగెను. ఒక్కమారు చూపుమనెను, చూపితిని. పద్మముమీద చేయి వేసి, కొంతసేపు నిలిచి, వెడలిపోయెను. వాని పేరడుగలేదు. ఊరడుగలేదు. బడిలో పిల్లలకు సుభాషితములు వల్లెవేయించుచున్న రోజులవి.

మోటుపల్లినుండి వచ్చిన తరువాత నా పాత పల్లెకు పోయి విచారించితిని. వఱద పిదప ఎగువ పల్లెలు కొన్ని మెరకకు తరలిపోయినవనిరి. వానిని ఎరిగినవారు లేరు. వాడిప్పుడు బ్రదికియుండడు.

ద్వారబంధము నేలకొండపల్లిలో మా యింటికే యున్నది. వడ్రంగి చిలుకకు క్రొత్తముక్కు అతికింతునన్నాడు, నేను వలదంటిని. ఈ ప్రసంగము వినుచున్నవారిలో గాని, అచ్చున చదువువారిలో గాని, నాటి వఱదలో నట్టిదానిని పోగొట్టుకొన్న యింటివారున్నచో రావలయును. విరిగిన ముక్కు సంగతి నేనే చెప్పివేసితిని గనుక అది గుర్తుగా చెల్లదు. నిలువుకమ్మి లోపలిప్రక్క వేరొక చిహ్నము చెక్కియున్నది. అది చెప్పినవారిదే ద్వారబంధము. నేనిచ్చిన వెల తిరిగి యడుగను. బండికూలి నేనే పెట్టుకొందును.